జవాబు రాలేదంటే పని జరగలేదని కాదు

అమీర్‌పేటలో ఏ టిఫిన్ సెంటర్ ముందైనా ఉదయం పూట కనిపించే దృశ్యం ఇది. కస్టమర్ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొడతాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. "పైసలు కట్ అయినయ్ అన్నా" అని ఫోన్‌కొచ్చిన మెసేజ్ చూపిస్తాడు. "బాక్స్ మోగలే, నాకైతే రాలే" అంటాడు కౌంటర్ దగ్గరున్నతను. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మళ్లీ కొడితే రెండుసార్లు పోతాయేమోనని ఒకరికి టెన్షన్, కొట్టకపోతే అసలుకే రావేమోనని ఇంకొకరికి.

ఈ చిక్కు బ్యాంకులకే పరిమితం కాదు. ఒక ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం, ఇంకో ప్రాసెస్‌కు పని అప్పగించి జవాబు కోసం ఆగే ప్రతిచోటా ఇదే ఉంటుంది. ఆ రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉండొచ్చు, ఒకటి మాదాపూర్‌లో, ఇంకొకటి ముంబైలో ఉండొచ్చు. అనుకున్న సమయంలో జవాబు రాలేదంటే మూడింట్లో ఏదో ఒకటి జరిగి ఉండాలి. అడిగిన మాట అవతలికి చేరనే లేదు. లేదా చేరింది, పని ఇంకా నడుస్తోంది. లేదా పని అయిపోయింది, జవాబే దారిలో పోయింది. అడిగినవాళ్ల వైపు నుంచి చూస్తే ఈ మూడింటికీ తేడా తెలియదు. ఇంతసేపే ఆగుతాం అని ముందే పెట్టుకునే గడువే టైమౌట్; ఇక ఆగడం లేదు అని తప్ప అది ఇంకేమీ చెప్పదు. అవతల ఏం జరిగిందో దానికి తెలిసే దారి లేదు. అయినా చాలా కోడ్‌లో టైమౌట్‌ను మిగతా ఎర్రర్లతో కలిపి ఒకే చోట పట్టుకుని, 'ఫెయిల్డ్' అని రాసేసి ముందుకెళ్లిపోతారు. ఒకే ఆర్డర్ రెండుసార్లు బుక్కవడం, ఒకే బిల్లుకు డబ్బులు రెండుసార్లు కట్ అవడం లాంటివి చాలావరకు పుట్టేది ఆ ఒక్క లైన్‌లోనే.

ఇది మంచి ప్రోగ్రామర్ దొరికితే పోయే సమస్య అనుకోవడం పొరపాటు. మాటలు దారిలో పోయే అవకాశం ఉన్నప్పుడు, ఎన్నిసార్లు కబురు అటూ ఇటూ నడిచినా ఇద్దరూ 'మనిద్దరికీ తెలుసు' అనే నిశ్చయానికి రాలేరని 1975లోనే అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ అనే పరిశోధకులు ఒక పత్రంలో చూపించారు. 1978లో జిమ్ గ్రే దానికి 'ఇద్దరు జనరల్స్ సమస్య' అని పేరు పెట్టారు. 1985లో ఫిషర్, లించ్, ప్యాటర్సన్ ఇంకో అడుగు ముందుకేశారు. కబురు చేరడానికి ఎంత సమయమైనా పట్టొచ్చు అనుకుంటే, ఒక్క ప్రాసెస్ ఆగిపోయే అవకాశం ఉన్నా చాలు, మిగతావన్నీ కచ్చితంగా ఒకే నిర్ణయానికి వస్తాయని హామీ ఇచ్చే పద్ధతి ఉండదని నిరూపించారు. కారణం సులువుగానే అర్థమవుతుంది. ఆగిపోయిన ప్రాసెస్‌కూ, బాగా నెమ్మదిగా నడుస్తున్న ప్రాసెస్‌కూ బయటి నుంచి తేడా కనిపెట్టలేం. టైమౌట్ పెట్టడమంటే ఆ తేడాను ఊహించడం. ఊహ తప్పినా నష్టం జరగకుండా మిగతా కోడ్ రాయాలి. అసలు పని అక్కడే ఉంది.

'తెలియదు' అనే మూడో జవాబు

ఈ విషయాన్ని నిజాయితీగా ఒప్పుకున్న వ్యవస్థల్లో బ్యాంకింగ్ ముందుంటుంది. హైదరాబాద్‌కు ఇందులో పాత సంబంధమే ఉంది. దేశంలోని ఏటీఎంలను కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004లో మొదలుపెట్టింది మాసబ్ ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థే. 2009లో అది దేశంలో చెల్లింపుల వ్యవస్థలను నడిపే ఎన్‌పీసీఐ చేతికి వెళ్లింది. ఒక బ్యాంకు కార్డును ఇంకో బ్యాంకు ఏటీఎంలో పెట్టినప్పుడు, డెబిట్ చేయమని అడిగిన అభ్యర్థనకు జవాబు రాకపోతే ఏటీఎం నోట్లు ఇవ్వదు. కానీ అంతటితో ఊరుకుంటే సరిపోదు, అవతల డెబిట్ అయిపోయి ఉండొచ్చు. అందుకే కార్డు లావాదేవీలకు వాడే ఐఎస్ఓ 8583 ప్రమాణంలో రివర్సల్ అని వేరే సందేశమే ఉంది. 'ఆ డెబిట్ నువ్వు చేసి ఉంటే వెనక్కి తీసుకో, చేయకపోతే వదిలెయ్' అని దాని సారాంశం. ఆ సందేశానికీ జవాబు రాకపోవచ్చు కాబట్టి, అది అందిందని తెలిసేదాకా మళ్లీ పంపుతారు. మళ్లీ పంపినదని గుర్తుపట్టడానికి దానికి వేరే నంబరు కూడా ఉంది.

2016లో మొదలైన యూపీఐలో దారి ఇంకా పొడవు. ఫోన్‌లోని యాప్ నుంచి దాని బ్యాంకుకు, అక్కడి నుంచి ఎన్‌పీసీఐకి, అక్కడి నుంచి డబ్బు కట్టేవాళ్ల బ్యాంకుకు డెబిట్ కోసం, ఆ తర్వాత అందుకునేవాళ్ల బ్యాంకుకు క్రెడిట్ కోసం. ఇందులో డెబిట్ దగ్గర జవాబు రాకపోతే రివర్సల్ పంపొచ్చు, డబ్బు ఇంకా ఎవరికీ చేరలేదు కాబట్టి. క్రెడిట్ దగ్గర జవాబు రాకపోతే మాత్రం అలా కుదరదు. దుకాణదారు ఖాతాలో డబ్బు పడిపోయి, ఆ కబురు మాత్రమే వెనక్కి రాకపోయి ఉండొచ్చు. అప్పుడు తొందరపడి కస్టమర్‌కు డబ్బు వెనక్కి వేస్తే ఒకే వంద రూపాయలు ఇద్దరి దగ్గరా ఉంటాయి. అందుకే అలాంటి లావాదేవీని ఫెయిల్ అనకుండా 'డీమ్డ్ అప్రూవ్డ్' అనే స్థితిలో ఉంచి, తర్వాత రెండు వైపులా లెక్కలు సరిచూసుకుని తేలుస్తారు. టిఫిన్ సెంటర్ ముందు ఇద్దరినీ ఇబ్బంది పెట్టే 'పెండింగ్' అనే మాట వెనక ఉన్నది ఇదే. చూసేవాళ్లకు బద్ధకంగా కనిపించొచ్చు గానీ అక్కడ చెప్పగలిగిన నిజం అదొక్కటే.

తెలియని స్థితి శాశ్వతంగా ఉండకూడదు కదా. దాన్ని ముగించే పని నియమాలు చేస్తాయి. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతా నుంచి ఖాతాకు పంపిన యూపీఐ డబ్బు అవతల జమ కాకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి. దుకాణానికి కట్టినదైతే ఐదు రోజుల్లో. ఏటీఎంలో నోట్లు రాకుండా డెబిట్ అయినా ఐదు రోజులే. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున కస్టమర్‌కు కట్టాలి. కోడ్‌లో పెట్టిన కొన్ని సెకన్ల టైమౌట్ వెనక రోజుల గడువు ఇంకొకటి కాపలా కాస్తోందన్నమాట. సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసుకునే చిన్న కంపెనీలు చాలావరకు మొదటిది పెట్టి రెండోది మరచిపోతాయి. 'తెలియదు' అని గుర్తు పెట్టుకున్న రికార్డులను కాసేపటికోసారి తిరిగి చూసి తేల్చే జాబ్ ఒకటి లేకపోతే, అవి డేటాబేస్‌లో ఏళ్ల తరబడి 'పెండింగ్' గానే పడి ఉంటాయి.

ఒకే మెషీన్‌లో కూడా

నెట్‌వర్క్ లేకపోతే ఈ గొడవ ఉండదనుకుంటారు. ఒకే మెషీన్‌లో రెండు ప్రాసెస్‌లు పైప్ ద్వారా, అంటే ఒకటి రాసింది ఇంకొకటి చదివే దారిలో, మాట్లాడుకునే చోట జరిగేది చూస్తే ఆ నమ్మకం పోతుంది. ఒక పైథాన్ ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంను చైల్డ్ ప్రాసెస్‌గా మొదలుపెట్టి, దాని అవుట్‌పుట్‌నూ ఎర్రర్ అవుట్‌పుట్‌నూ పైప్‌లకు కలిపి, అది ముగిసేదాకా వెయిట్ చేస్తుంది, ముగిశాక పైప్‌లు చదువుతుంది. చూడ్డానికి ఇందులో తప్పేమీ కనబడదు. కానీ లినక్స్‌లో పైప్‌కు మామూలుగా పట్టేది 64 కిలోబైట్లు. చైల్డ్ అంతకంటే ఎక్కువ రాయబోతే, ఎవరైనా కొంత చదివి చోటు చేసేదాకా ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ దాన్ని ఆ రైట్ కాల్‌లోనే ఆపేస్తుంది. చదవాల్సిన పేరెంట్ ఏమో చైల్డ్ ముగియడం కోసం ఆగి ఉంది. ఇక రెండూ కదలవు. సీపీయూ వాడకం సున్నా, ఎర్రర్ మెసేజ్ లేదు, లాగ్‌లో ఒక్క అక్షరం పడదు.

టెస్టింగ్‌లో ఇది బయటపడదు, ఎందుకంటే అక్కడ అవుట్‌పుట్ పది లైన్లే. ప్రొడక్షన్‌లో ఏదో ఒక రోజు వార్నింగులు వెల్లువలా వస్తాయి, 64 కిలోబైట్లు దాటుతుంది, ప్రోగ్రాం హ్యాంగ్ అవుతుంది. అప్పుడు ఎవరో వెయిట్‌కు 30 సెకన్ల టైమౌట్ తగిలిస్తారు. హ్యాంగ్ పోయి, దాని స్థానంలో టైమౌట్ ఎర్రర్ వస్తుంది. 'చైల్డ్ నెమ్మదిగా ఉంది, 60 చేద్దాం' అంటారు. తర్వాత 120. ఎంత పెంచినా ఉపయోగం ఉండదు, ఆ రెండు ప్రాసెస్‌లు ఒకదాని కోసం ఒకటి ఆగి ఉన్నాయి కాబట్టి. టైమౌట్ చేసే హానిలో ఇది గుర్తించడానికి కష్టమైనది. ఇలా ఒకదాని కోసం ఒకటి ఆగిపోయే డెడ్‌లాక్‌ను అది నెమ్మదితనం లాగా చూపిస్తుంది. టైమౌట్ విలువ పెంచేముందు, ఆ ప్రాసెస్ దేని కోసం ఆగి ఉందో ఒక్కసారి ప్రాసెస్ కెర్నల్‌ను ఏం అడుగుతోందో చూపించే ఎస్‌ట్రేస్‌తోనో, ప్రాసెస్‌ల వివరాలుండే ప్రాక్ డైరెక్టరీలోనో చూడడం తప్పనిసరి అలవాటుగా ఉండాలి. రైట్ కాల్‌లో ఆగి ఉందని కనబడిన క్షణంలో కథ మొత్తం తేలిపోతుంది. సరైన పద్ధతి, రెండు పైప్‌లనూ ఒకేసారి చదువుతూ చైల్డ్ ముగింపు కోసం చూడడం. పైథాన్‌లో కమ్యూనికేట్ అనే ఫంక్షన్ ఉన్నది అందుకే.

ఆ కమ్యూనికేట్‌కు కూడా టైమౌట్ ఇవ్వొచ్చు. సమయం దాటితే అది ఎక్సెప్షన్ ఇస్తుంది, అంతే. చైల్డ్‌ను చంపదు. అది వెనక నడుస్తూనే ఉంటుంది, ఫైళ్లు రాస్తూనే ఉంటుంది. ఆ పనిని మళ్లీ మొదలుపెడితే ఒకే ఫైల్ మీద ఇద్దరు రాస్తుంటారు. కాబట్టి చంపాలి. చంపడంలోనూ ఒక మెలిక ఉంది. చైల్డ్‌ను కమాండ్లు నడిపే షెల్ ద్వారా మొదలుపెట్టి ఉంటే, కిల్ వెళ్లేది షెల్‌కు. షెల్ పోతుంది, షెల్ మొదలుపెట్టిన అసలు ప్రోగ్రాం మిగులుతుంది. పైప్ రాసే కొస దాని చేతిలో ఇంకా తెరిచే ఉంటుంది. పైప్ ముగిసిందనే గుర్తు రావాలంటే రాసే కొసలన్నీ మూతపడాలి. కాబట్టి చంపిన తర్వాత మిగిలిన అవుట్‌పుట్ చదువుదామని పేరెంట్ కూర్చుంటే, మళ్లీ అక్కడే ఇరుక్కుంటుంది. ఎవరూ అనుకోని చోట, టైమౌట్ అయిపోయిన తర్వాత హ్యాంగ్. దీనికి మందు, చైల్డ్‌ను మొదట్లోనే కొత్త సెషన్‌లో పెట్టి, సమయం మించినప్పుడు ఆ ప్రాసెస్ గ్రూప్ మొత్తానికి సిగ్నల్ పంపడం.

ఏ సిగ్నల్ పంపాలన్నదీ ఆలోచించాల్సిన విషయమే. ఉన్నపళంగా చంపేసే సిగ్‌కిల్ వస్తే ప్రాసెస్‌కు సర్దుకునే అవకాశమే ఉండదు. కెర్నల్ కాపాడే ఎఫ్‌లాక్ లాంటి తాళాలు ప్రాసెస్ పోగానే వాటంతటవే విడిపోతాయి. కానీ 'నేను నడుస్తున్నాను' అని గుర్తుగా పెట్టిన లాక్ ఫైల్ అలాగే పడి ఉంటుంది, మర్నాడు జాబ్ మొదలవదు. షేర్డ్ మెమరీలో మ్యూటెక్స్, అంటే ఒకసారికి ఒక్కరికే దారిచ్చే తాళం, పట్టుకున్న ప్రాసెస్ పోతే, ఆ మ్యూటెక్స్‌ను అలా పోయిన సంగతి మిగతావాటికి తెలిపే రోబస్ట్ రకంగా పెట్టుకోకపోతే మిగతా ప్రాసెస్‌లన్నీ ఎప్పటికీ ఆగిపోతాయి. అందుకే ముందు సర్దుకుని ముగించమనే సిగ్‌టర్మ్ పంపి, కొంత సమయం ఇచ్చి, అప్పటికీ పోకపోతేనే సిగ్‌కిల్ పంపడం ఆనవాయితీ. ఆ కొంత సమయం, ప్రోగ్రాంలను మొదలుపెట్టి ఆపే డాకర్‌లో మామూలుగా 10 సెకన్లు, కుబెర్నెటీస్‌లో 30, సిస్టమ్‌డీలో 90. వీటి గురించి ఎవరూ ఆలోచించకుండానే ఒకే అప్లికేషన్ మూడింటి కింద నడుస్తూ ఉంటుంది. చేతిలో ఉన్న పని ముగించడానికి 20 సెకన్లు కావాల్సిన ప్రోగ్రాంకు ఒకచోట సరిపోతుంది, ఇంకోచోట మధ్యలో తెగుతుంది.

ఎవరూ పెట్టని టైమౌట్లు

నెట్‌వర్క్ దాటి మాట్లాడినప్పుడు, టైమౌట్ పెట్టకపోయినా ఏదో ఒకటి ఉంటుంది. అది ఎంతో తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. లినక్స్‌లో అవతలి మెషీన్ నుంచి స్పందనే లేకపోతే, కనెక్షన్ కోసం కెర్నల్ మామూలుగా రెండు నిమిషాలకు పైగా ప్రయత్నిస్తుంది. కనెక్షన్ కుదిరాక డేటా పంపి, దానికి అందినట్టు కబురు రాకపోతే, మళ్లీ మళ్లీ పంపుతూ వదిలేసే సరికి దాదాపు 924 సెకన్లు, అంటే పదిహేను నిమిషాల పైమాటే. ఏ సర్వీసు అయినా సరిగ్గా పావుగంట హ్యాంగ్ అయి ఆ తర్వాత దానంతటదే లేచిందంటే, ముందుగా అనుమానించాల్సింది దీన్నే. ఇక ఏమీ పంపకుండా జవాబు కోసం మాత్రమే ఆగి ఉంటే, గడువే లేదు. కనెక్షన్ బతికే ఉందా అని అడిగే కీప్‌అలైవ్ ఆన్ చేసినా మొదటి విచారణ రెండు గంటల తర్వాతే. మధ్యలోని ఫైర్‌వాల్స్, లోడ్ బ్యాలెన్సర్లు అంతసేపు ఆగవు. కొన్ని నిమిషాలు ఏమీ నడవని కనెక్షన్‌ను తమ పట్టికలోంచి తీసేస్తాయి, తరచూ రెండు వైపులకూ చెప్పకుండానే. ముందే తెరిచి ఉంచుకుని రాత్రంతా ఖాళీగా ఉన్న డేటాబేస్ కనెక్షన్ పూల్, పొద్దున్నే వచ్చే మొదటి అభ్యర్థనకు హ్యాంగ్ అవడం వెనక తరచూ ఉండేది ఇదే.

భాషల లైబ్రరీలూ దీనికి తీసిపోలేదు. పైథాన్‌లో అందరూ వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీకి మనం ఇవ్వకపోతే టైమౌట్ ఉండదు. గో భాషలో మామూలు హెచ్‌టీటీపీ క్లయింట్‌కూ ఉండదు. సర్వీసులు ఒకదాన్నొకటి పిలవడానికి వాడే జీఆర్‌పీసీలో డెడ్‌లైన్ పెట్టకపోతే అనంతంగా ఆగుతుంది. రిక్వెస్ట్స్‌లో 10 సెకన్లు పెట్టినా, ఆ పది మొత్తం పనికి కాదు, రెండు బైట్ల రాకల మధ్య విరామానికి. అవతలి సర్వర్ తొమ్మిది సెకన్లకో బైట్ చొప్పున పంపుతూ పోతే ఆ టైమౌట్ ఎప్పటికీ మోగదు. మొత్తం పనికి గడువు కావాలంటే వేరేగా పెట్టుకోవాల్సిందే.

ఎంత పెట్టాలన్న ప్రశ్నకు దూరం కొంతవరకు జవాబు చెబుతుంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి ముంబైకి గగన మార్గంలో 600 కిలోమీటర్ల పైచిలుకు, కాబట్టి వెళ్లి రావడానికి 6 మిల్లీసెకన్లు తప్పవు, నిజంగా కేబుల్ వెళ్లే వంకరటింకర దారిలో ఇంకా ఎక్కువ. అమెరికా తూర్పు తీరానికైతే వంద మిల్లీసెకన్లు ఎప్పుడో దాటిపోతుంది. గచ్చిబౌలి ఆఫీసులో లోకల్ నెట్‌వర్క్ మీద పరీక్షించి 50 మిల్లీసెకన్లు పెట్టిన టైమౌట్, డేటాబేస్ వేరే ఖండంలో ఉన్నప్పుడు ఒక్కసారి కూడా నెగ్గదు. సగటును చూసి విలువ పెట్టడం కూడా తప్పే, ఎందుకంటే ఇబ్బంది పెట్టేది సగటు జవాబు కాదు, వెయ్యిలో ఒకటిగా వచ్చే ఆలస్యపు జవాబు. ఇంటర్నెట్‌లో డేటాను చేరవేసే టీసీపీ తన సొంత టైమౌట్‌ను లెక్కేసే పద్ధతి ఇక్కడ చూడదగ్గది. వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని కొలుస్తూ, దాని సగటుకు ఆ సమయంలోని హెచ్చుతగ్గుల నాలుగు రెట్లు కలుపుతుంది. నిలకడగా ఉన్న దారిలో త్వరగా తేలుస్తుంది, ఒడిదొడుకుల దారిలో ఓపిక పడుతుంది.

ఆ లెక్క ఊరికే రాలేదు. 1986 అక్టోబర్‌లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ, నాలుగు వందల గజాల దూరంలోని బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య డేటా వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. తీగ తెగలేదు. జవాబు ఆలస్యమైన ప్రతి కంప్యూటరూ పోయిందనుకుని మళ్లీ పంపింది, ఆ మళ్లీ పంపినవే దారిని ఇంకా నింపేశాయి. ఆ ల్యాబ్ పరిశోధకుడు వాన్ జేకబ్సన్ 1988లో ప్రచురించిన దిద్దుబాట్లలో ఆ టైమౌట్ సూత్రం ఒకటి, రద్దీ కనబడితే పంపడం తగ్గించడం ఇంకొకటి.

మళ్లీ అడగడం

దాదాపు నలభై ఏళ్ల తర్వాత మన దగ్గర జరిగింది కూడా అదే జాతిది. 2025 ఏప్రిల్ 12న యూపీఐ దేశమంతటా ఇబ్బంది పెట్టింది. లావాదేవీ ఏమైందో అడిగే 'చెక్ ట్రాన్సాక్షన్' అభ్యర్థనలు బ్యాంకుల నుంచి వరదలా వచ్చిపడడమే కారణమని ఎన్‌పీసీఐ తేల్చింది. నిజానికి ఆ అభ్యర్థన ఉన్నదే మంచి పని కోసం. ఫెయిల్ అయిందని ఊహించకుండా, ఏమైందని అడగడానికి. కానీ జవాబు ఆలస్యమైతే మళ్లీ అడగడం, పాత లావాదేవీల గురించి కూడా అడుగుతూ ఉండడంతో, అడగడమే భారమైపోయింది. ఆ తర్వాత, మొదటిసారి అడిగేముందు కొంతసేపు ఆగాలని, రెండు గంటల్లో మూడుసార్లకు మించి అడగకూడదని నియమం వచ్చింది. అదే ఏడాది జూన్ 16 నుంచి చెల్లింపు అభ్యర్థనలకు జవాబిచ్చే గడువును 30 సెకన్ల నుంచి 15కు, స్థితి అడిగే అభ్యర్థనలకు 30 నుంచి 10కి తగ్గించారు. రెండు దిద్దుబాట్లూ కలిపి చూడాలి. గడువు తగ్గితే 'తెలియదు' అనే ఫలితాలు పెరగొచ్చు, వాటి గురించి ఆత్రంగా అడిగితే మళ్లీ అదే వరద. తక్కువసేపు ఆగడానికీ, తక్కువసార్లు అడగడానికీ విడదీయరాని సంబంధం ఉంది.

కంపెనీల లోపల ఈ వరద గుణకారంతో వస్తుంది. మూడు అంచెల సర్వీసులు ఉన్నాయనుకుందాం, ప్రతి అంచె మొత్తం మూడుసార్లు ప్రయత్నిస్తుంది. పైన ఒక్క క్లిక్, కింద డేటాబేస్ మీద 27 ప్రయత్నాలు. డేటాబేస్ అప్పటికే అలిసిపోయి ఉందంటే ఇది దాన్ని పూర్తిగా పడగొడుతుంది. అందుకే మళ్లీ ప్రయత్నించే బాధ్యత ఒక్క అంచెకే ఉండాలి, ప్రయత్నాల మధ్య విరామం రెట్టింపవుతూ పోవాలి, ఆ విరామంలో కొంత యాదృచ్ఛికత ఉండాలి. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1970ల మొదట్లో హవాయి దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లను కలిపిన అలోహా నెట్‌వర్క్‌లో, రెండు సందేశాలు ఢీకొంటే రెండూ ఒకేసారి మళ్లీ పంపకుండా ఎవరికి వారు యాదృచ్ఛికంగా ఎంచుకున్నంతసేపు ఆగేవారు. యాదృచ్ఛికత లేకుండా కేవలం రెట్టింపు చేస్తే, ఒకేసారి విఫలమైన వెయ్యిమంది క్లయింట్లు రెండు సెకన్లకు ఒకేసారి, నాలుగు సెకన్లకు ఒకేసారి వచ్చి మీద పడతారు.

మళ్లీ అడగడం ప్రమాదం కాకుండా ఉండాలంటే, అవతలివైపు అదే పని రెండోసారి వచ్చిందని గుర్తుపట్టాలి. దానికి అడిగేవాళ్లు ప్రతి పనికీ ఒక ప్రత్యేక నంబరు పుట్టించి, మళ్లీ ప్రయత్నించినప్పుడు అదే నంబరు పంపాలి. ఇక్కడ తరచూ జరిగే తప్పు, మళ్లీ ప్రయత్నించే లూప్ లోపల నంబరు పుట్టించడం. అప్పుడు ప్రతి ప్రయత్నమూ కొత్త పనే అవుతుంది, రక్షణ మొత్తం పోతుంది. అవతలివైపు, ఆ నంబరును రాసుకోవడమూ అసలు పని చేయడమూ ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో జరగాలి. ముందు పని చేసి తర్వాత నంబరు రాస్తే, మధ్యలో కరెంట్ పోతే పని రెండుసార్లు జరుగుతుంది. ముందు నంబరు రాస్తే, పని జరగకుండానే జరిగిందనుకుంటారు. 'ఇప్పటికే ఉందా' అని చూసి లేకపోతే చేర్చడం కూడా సరిపోదు. ఒకే క్షణంలో వచ్చిన రెండు ప్రయత్నాలకూ లేదనే కనిపిస్తుంది. ఒకే నంబరును రెండోసారి చేరనివ్వని యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టి ఆ తీర్పు డేటాబేస్‌కే వదిలేయాలి.

ఇంకో మాట, గడువు అంచెలంచెలుగా కిందికి పారాలి. బ్రౌజర్ 10 సెకన్లు ఆగుతుంది, దాని వెనక సర్వీసు 30, డేటాబేస్ క్వెరీకి 60 అని పెట్టిన చోట, కస్టమర్ వెళ్లిపోయిన తర్వాత కూడా యాభై సెకన్లు ఎవరికోసమో తెలియని పని నడుస్తూ ఉంటుంది. ఎంతసేపు ఆగాలో ప్రతి అంచెలో విడివిడిగా రాసే బదులు, ఇంకా ఎంత మిగిలిందో అభ్యర్థనతోపాటే పంపాలి. జీఆర్‌పీసీ దీన్ని హెడర్‌లో పంపుతుంది. ఆ మిగులు లెక్కను మెషీన్ చూపే మామూలు గడియారంతో చేయకూడదు. మెషీన్ల సమయాన్ని సరిదిద్దే సర్వీసు ఎప్పుడైనా దాన్ని ముందుకో వెనక్కో జరపగలదు. వెనక్కి ఎప్పుడూ వెళ్లని మోనోటోనిక్ క్లాక్ ఉన్నది అందుకే. 2012లో ప్రపంచ గడియారాలకు అదనంగా ఒక లీప్ సెకను కలిపినప్పుడు, మన గడియారాల ప్రకారం జులై 1 తెల్లవారి అయిదున్నరకు, లినక్స్ కెర్నల్‌లోని లోపం వల్ల చిన్న టైమౌట్లు ఆగకుండా వెంటనే ముగిసిపోయి, చాలా సర్వర్లలో సీపీయూ వంద శాతానికి చేరింది.

సందేహం వస్తే ఎటు మొగ్గాలి

జవాబు రానప్పుడు ఏమనుకోవాలో రంగాన్ని బట్టి మారుతుంది. 2017 నవంబర్‌లో మొదలైన హైదరాబాద్ మెట్రోలో రైళ్లు నడిచేది రేడియో సంకేతాల మీద ఆధారపడే సీబీటీసీ పద్ధతిలో. ఇంత దూరం వెళ్లొచ్చు అనే అనుమతి రైలుకు ఎప్పటికప్పుడు అందుతూ ఉంటుంది. నిర్ణీత సమయం దాటి అది అందకపోతే, రైలు అన్నిటికంటే చెడ్డదే జరిగిందనుకుని బ్రేక్ వేస్తుంది. ఆలస్యమైనా ఫరవాలేదు, ఢీకొనకూడదు. బ్యాంకు డబ్బును కదపకుండా పెండింగ్‌లో ఉంచుతుంది. ప్రధాన సర్వర్‌ను ఎన్నుకునే రాఫ్ట్ లాంటి పద్ధతి మాత్రం 150 నుంచి 300 మిల్లీసెకన్లలో కబురు రాకపోతే పాత నాయకుడు పోయాడనుకుని కొత్త ఎన్నిక పెట్టేస్తుంది. ఆ ఊహ తప్పినా నష్టం లేదు, ప్రతి పదవీకాలానికీ పెరుగుతూ పోయే నంబరు ఉంటుంది కాబట్టి పాత నాయకుడి ఆజ్ఞలు చెల్లవు. టైమౌట్ ఎంత దూకుడుగా పెట్టొచ్చో తేల్చేది ఈ చివరి సంగతే. ఊహ తప్పినప్పుడు కాపాడే ఏర్పాటు ఎంత గట్టిగా ఉంటే, అంత తక్కువసేపు ఆగొచ్చు.

ఇవన్నీ సరిగ్గా రాశామో లేదో చూడడానికి చాలా టీమ్‌లు సర్వర్‌ను ఆపేసి పరీక్షిస్తాయి. అది సులువైన పరీక్ష. మూతపడిన ప్రాసెస్ పోర్టుకు వచ్చిన కబురుకు కెర్నల్ వెంటనే 'ఇక్కడెవరూ లేరు' అని జవాబిస్తుంది, క్లయింట్‌కు మిల్లీసెకన్లలో ఎర్రర్ వస్తుంది. కష్టమైన పరీక్ష, సర్వర్ ప్రాసెస్‌కు ఉన్నచోటే నిలిపేసే సిగ్‌స్టాప్ పంపడం. అది చావదు, కదలదు. కొత్త కనెక్షన్లను దాని తరఫున కెర్నల్ ఒప్పుకుంటూనే ఉంటుంది, అవి వేచి ఉండే లిజన్ క్యూ నిండేదాకా. కనెక్ట్ టైమౌట్ మోగదు. పోర్టు తెరిచి ఉందా లేదా అని మాత్రమే చూసే హెల్త్ చెక్ ఆకుపచ్చ గుర్తే చూపిస్తుంది. రీడ్ టైమౌట్ లేని క్లయింట్ ఎంతసేపైనా అలాగే ఉండిపోతుంది. ఓ నిమిషం తర్వాత మళ్లీ నడవమనే సిగ్‌కాంట్ పంపితే సర్వర్ లేచి, క్యూలో పేరుకున్న పాత అభ్యర్థనలన్నీ, అడిగినవాళ్లు ఎప్పుడో వదిలేసి మళ్లీ పంపినవాటితో సహా, వరుసగా చేసేయడం మొదలుపెడుతుంది. నంబర్లు సరిగ్గా పెట్టారో లేదో, గడువు దాటిన పనిని వదిలేసే కోడ్ ఉందో లేదో ఆ నిమిషంలో డేటాబేస్‌లో చేరిన వరుసలు లెక్కపెడితే తెలుస్తుంది.